వేలంలో పాత లారీ: రెండు బండ్లలో ఏది పాడాలి?

వేలం యార్డులో రెండు లారీలు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. ఒకటి కొత్త పెయింట్‌తో, నల్లగా నిగనిగలాడే టైర్లతో ఉంది, మీటరు 2.4 లక్షల కిలోమీటర్లు చూపిస్తోంది. రెండోదాని బంపరు నిండా గీతలు, డ్రైవరు సీటు చిరిగిపోయి స్పాంజి బయటికొచ్చింది, మీటరులో 6 లక్షలు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదటిదాని చుట్టూ మూగుతారు. నేను మాత్రం ముందు రెండోదాని కిందకి దూరి చూస్తాను. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

తెలిసినవాళ్ల దగ్గర పాత బండి కొనడం వేరు, వేలంలో కొనడం వేరు. తెలిసినవాళ్ల దగ్గరైతే లోడు వేసి ఓ యాభై కిలోమీటర్లు తిప్పి చూడొచ్చు, వారం తర్వాత వచ్చి మళ్లీ అడగొచ్చు. వేలంలో బండిని ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతారు. చాలా యార్డుల్లో రోడ్డు మీదికి తియ్యనివ్వరు. కొన్నిచోట్ల ఇంజన్ స్టార్ట్ చేసి చూపిస్తారు, కొన్నిచోట్ల తాళమే ఉండదు. సుత్తి దెబ్బ పడ్డాక బండిలో ఏది బయటపడినా ఖర్చు మీదే. అందుకని రెండు బండ్లను పోల్చేటప్పుడు నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: నేను చూడలేకపోయిన ప్రతి భాగం పాడైపోయినట్టే లెక్క. స్టార్ట్ చెయ్యనివ్వకపోతే ఇంజన్ పోయినట్టే. గేరు మార్చి కదిలించనివ్వకపోతే గేరుబాక్సు పని ఉన్నట్టే. అలా చూస్తే పోలిక ఏ బండి బాగుందన్న దాని మీద నడవదు. ఏ బండి గురించి మనకు ఎంత తెలిసిందన్న దాని మీద నడుస్తుంది.

బండి యార్డుకి ఎందుకొచ్చింది

దీని సమాధానం దొరికితే సగం పని అయినట్టే. పెద్ద రవాణా కంపెనీలు ఇన్నేళ్లకో, ఇన్ని కిలోమీటర్లకో అని లెక్క పెట్టుకుని బండ్లను వదిలించుకుంటాయి. అవి బాగా తిరిగిన బండ్లే. కానీ ఆయిల్ ఎప్పుడు మార్చారు, క్లచ్ ఎప్పుడు వేశారు అన్న రికార్డు సాధారణంగా ఉంటుంది. ఒకే కంపెనీవి పది బండ్లు వరసగా నిలబడి ఉంటే ఒకదానితో ఒకటి పోల్చుకునే సదుపాయం కూడా దొరుకుతుంది. అదే మోడల్, అదే పని చేసిన పది బండ్లలో ఒక్కదానికే చక్రం మధ్య హబ్ దగ్గర ఆయిల్ కారుతోందంటే తేడా వెంటనే కంటపడుతుంది.

అప్పు కట్టలేక ఫైనాన్స్ వాళ్లు పట్టుకొచ్చిన బండి కథ వేరు. వాయిదా కట్టడానికే డబ్బు లేని మనిషి ఆయిల్ మార్పించి ఉండడు. ఆఖరి ఏడాది బండిని పిండుకుని వాడి ఉంటాడు. పైగా నెలల తరబడి యార్డులో నిలబడిపోవడం వల్ల బ్యాటరీ, టైర్లు, సీళ్లు, డీజిల్ ట్యాంకులో చేరిన నీళ్లు, అన్నీ సమస్యలే. అయినా ఇది వద్దనుకోవాల్సిన రకం కాదు. కొత్త బండి కొన్న రెండేళ్లకే చెయ్యి జారితే తక్కువ వాడిన బండి నిజంగానే దొరుకుతుంది.

ఇన్సూరెన్స్ వాళ్లు అమ్మేవాటిలో ప్రమాదపు బండ్లకూ వరదలో మునిగిన బండ్లకూ నేను పెద్ద తేడా చూస్తాను. ముందు భాగం గుద్దుకున్న బండికి క్యాబిన్, రేడియేటర్ లెక్కగట్టి ధర తేల్చుకోవచ్చు. మునిగిన బండికి లెక్క తేలదు. వైరింగు కనెక్టర్లలో చేరిన తడి ఆరు నెలల తర్వాత కూడా ఒక్కో సెన్సారునూ చంపుతూ పోతుంది. అలాంటి బండిని ఎంత కడిగినా గుర్తులు మిగులుతాయి. సీటు బోల్టుల తుప్పు, డ్యాష్‌బోర్డు వెనక సన్నటి బురద పొడి, లైట్ల లోపల ఆవిరి పొర, సీటు బెల్టు పూర్తిగా లాగితే చివర్లో మరక. హౌసింగ్ (వెనక చక్రాలను తిప్పే గేర్లుండే డబ్బా) ఆయిల్ మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు గాలి గొట్టంలోంచి లోపలికి వెళ్లాయని అర్థం. మునిగిన బండిని విడిభాగాల కోసమైతే పాడండి, నడపడానికి వద్దు.

కిలోమీటర్లు కాదు, గంటలు

మొదట చెప్పిన రెండు బండ్లకు తిరిగి వద్దాం. ఈ తరం ఇంజన్లలో ఈసీయూ అనే కంప్యూటరు ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో లెక్క ఉంచుకుంటుంది. చాలా బండ్లలో ఆ అంకె డ్యాష్‌బోర్డు మీదే కనిపిస్తుంది, లేదంటే స్కానర్ (ఈసీయూలోని సమాచారం చదివే పరికరం) పెడితే వస్తుంది. 2.4 లక్షల బండి 12,000 గంటలు నడిచిందనుకోండి. భాగిస్తే గంటకు 20 కిలోమీటర్లు. అంటే అది ట్రాఫిక్‌లోనో, క్వారీలోనో, ఏసీ వేసుకుని నిలబడో బతికింది. 6 లక్షల బండి 11,000 గంటలు నడిచిందనుకోండి. గంటకు 55 వస్తుంది, అంటే హైవే మీద ఒకే వేగంతో సాగిన బండి. రెండు ఇంజన్లూ దాదాపు ఒకే కాలం తిరిగాయి. క్లచ్, గేర్లు, బ్రేకులు మాత్రం మొదటిదాంట్లోనే ఎక్కువ అరిగి ఉంటాయి, ఎందుకంటే నిమిషానికోసారి ఆగి కదిలిన బండి అదే. తక్కువ కిలోమీటర్లు అన్న మాట విని ఎక్కువ ధర పెట్టేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

మీటరు వెనక్కి తిప్పారేమోనన్న అనుమానానికీ ఇదే మందు. డ్యాష్‌బోర్డు మీటరులోని అంకె, ఈసీయూలోని అంకె, సర్వీసు కాగితాల్లోని అంకె, మూడూ ఒకదానికొకటి పొసగాలి. పొసగకపోతే కారణం అడగండి. మీటరు మార్చిన బిల్లు ఉంటే సరే. ఏదీ లేకపోతే క్లచ్ పెడల్ రబ్బరు చూడండి. లక్ష కిలోమీటర్ల బండిలో పెడల్ రబ్బరు గీతలన్నీ చెరిగిపోయి ఇనుము కనబడదు.

చల్లటి ఇంజనే నిజం చెబుతుంది

బండి దగ్గరికి వెళ్లగానే ఏమీ మాట్లాడకుండా క్యాబిన్ ఎత్తించి ఇంజన్ బ్లాకు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేముందు ఎవరో స్టార్ట్ చేశారన్నమాట. కావాలని చేశారో, ముందు వచ్చినవాళ్లు చూసి వెళ్లారో మనకు తెలియదు. కానీ చల్లటి ఇంజన్ ఎలా లేస్తుందో చూసే అవకాశం పోయింది. వేరే బండ్లు చూసుకుని మూడు నాలుగు గంటల తర్వాత మళ్లీ రండి. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

సెల్ఫ్ కొట్టకముందే రేడియేటర్ మూత తియ్యండి. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. కూలెంట్‌కి రంగు ఉండాలి, పైన నూనె తెట్టు ఉండకూడదు. తుప్పురంగు నీళ్లు కనిపిస్తే యజమాని కూలెంట్ బదులు ఉత్త నీళ్లు పోస్తూ వచ్చాడన్నమాట. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. పెద్ద డీజిల్ ఇంజన్లలో చాలావాటికి సిలిండర్ లైనరు (పిస్టన్ ఆడే గొట్టం) చుట్టూ నీళ్లు నేరుగా తగులుతూ ఉంటాయి. లైనరు అదిరినప్పుడల్లా దాని వెలుపలి గోడ మీద సన్నటి బుడగలు పుట్టి పగులుతూ ఇనుములో గుంటలు తవ్వుతాయి. కూలెంట్‌లో ఉండే మందు ఆ గుంటలు పడకుండా కాపాడుతుంది. మందు లేకుండా ఏళ్లు నడిస్తే ఒకరోజు లైనరు చిల్లుపడి నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. అంతవరకూ బయటికి ఏ శబ్దమూ రాదు, ఏ పొగా రాదు. రేడియేటర్‌లో తుప్పునీళ్లు కనిపించిన బండికీ మంచి కూలెంట్ ఉన్న బండికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, మిగతావన్నీ సమానమైనా నేను రెండోదే తీసుకుంటాను.

గేజి పుల్ల తీసి ఆయిల్ చూడండి. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లగా ఉండటం తప్పు కాదు, కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. తేనెరంగులో మెరుస్తూ ఉంటేనే ఆలోచించాలి: వేలానికి ముందు ఎందుకు మార్చారు? మట్టం పైగీతను దాటి ఉండి డీజిల్ వాసన వస్తే ఇంజెక్టరో, పంపు సీలో లీకవుతోందని అనుమానించాలి.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి, క్యాబిన్‌లో వేరేవాళ్లుండాలి. చలిపూట మొదటి నిమిషంలో కాస్త తెల్లపొగ వచ్చి పోవడం మామూలే. పోకుండా కళ్లు మండిస్తుంటే కాలని డీజిల్, అంటే ఇంజెక్టర్లు పాడయ్యాయి, లేదా కంప్రెషన్ తగ్గింది. తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంటే కూలెంట్ కాలుతోంది. నీలిపొగ ఆయిల్‌ది. నల్లపొగకు నేను అంత భయపడను, గాలి ఫిల్టరు మూసుకుపోవడమో, టర్బో నుంచి వచ్చే గొట్టం చిరగడమో కావచ్చు, చవకగా పోతుంది.

ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూతను విప్పి అదే రంధ్రం మీద తలకిందులుగా పెట్టండి. మూత కాస్త అదురుతూ అక్కడే ఉంటే సరే. ఎగిరి పక్కన పడితే, ఆవిరి కుక్కరు విజిల్‌లా తన్నుకొస్తుంటే, పిస్టన్ రింగులు దాటి గాలి కిందికి దిగుతోంది. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. కొన్ని ఇంజన్లు బాగున్నప్పుడు కూడా కొంచెం ఎక్కువ ఊదుతాయి. కాబట్టి వీలైతే యార్డులో అదే మోడల్ ఇంకో బండి మూత కూడా విప్పి పోల్చుకోండి.

పరీక్షకి, వేలానికి మధ్య వారం గడువుండి, యార్డువాళ్లు ఒప్పుకుంటే ఆయిల్ నమూనా ల్యాబుకి పంపడం మంచి పని. అందులో సిలికాన్ ఎక్కువ ఉంటే దుమ్ము ఇంజన్‌లోకి పోయిందని, సోడియం, పొటాషియం ఉంటే కూలెంట్ కలిసిందని, రాగి, సీసం ఉంటే బేరింగులు అరుగుతున్నాయని అర్థం చేసుకోవచ్చు. కొత్త ఆయిల్ పోసి ఉంటే మాత్రం ఈ పరీక్షకి అర్థం లేదు.

ఇంజన్ పని ఉన్నదా, ఛాసీ పని ఉన్నదా

ఇంజన్ దించి బోరు చేయించాల్సిన బండి ఒకటి, ఇంజన్ బంగారంలా ఉండి ఛాసీలో (బండి బరువంతా మోసే ఉక్కు చట్రంలో) పగులు ఉన్నది ఇంకొకటి అయితే, కళ్లు మూసుకుని ఇంజన్ పని ఉన్నదాన్నే తీసుకోండి. ఇంజన్‌కి ఖర్చు తెలుసు, రోజులు తెలుసు. పని అయ్యాక బండి కొత్తదానిలా లాగుతుంది. ఛాసీకి వెల్డింగు చేయిస్తే మొదటిరోజు బాగానే ఉంటుంది. పెద్ద లారీల ఛాసీ పట్టీలు చాలావరకు ప్రత్యేకంగా గట్టిపరిచిన ఉక్కుతో తయారవుతాయి. మామూలు వెల్డింగు వేడికి ఆ గట్టిదనం పోతుంది. ఆ తర్వాత పగులు అతుకు దగ్గర కాదు, అతుకు పక్కన మొదలవుతుంది.

నాకు ఇది ఒక బండితో తెలిసింది. ఛాసీ మొత్తానికి తళతళలాడే నల్లరంగు వేసి ఉంది. బాగా చూసుకున్న బండి అని మురిసిపోయి పాడాను. మూడో నెలలో వెనక కమాన్ (చక్రాల దగ్గరి స్ప్రింగు పట్టీల కట్ట) బ్రాకెట్ పక్కన రంగు వెంట్రుకలా చీలింది. గీకి చూస్తే కింద పాత వెల్డింగు, దానికింద ఇంకో వెల్డింగు. అప్పటినుంచి కొత్త రంగు కనిపిస్తే నాకు సంతోషం కలగదు. బురద పట్టిన ఛాసీలో పగులు ఉంటే తుప్పు గీతలా బయటికి కనిపిస్తుంది. రంగు వేసినదాంట్లో కనిపించదు.

కాబట్టి చాప, టార్చి, వైరు బ్రష్షు తీసుకుని కిందకి దూరండి. కమాన్ బ్రాకెట్లు, అడ్డపట్టీలు కలిసేచోట్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, ఈ మూడుచోట్లా ఎక్కువసేపు గడపండి. కంపెనీ రివెట్లు ఉండాల్సినచోట బోల్టులు కనిపిస్తే అక్కడ విప్పి పని చేశారన్నమాట. ఛాసీ పట్టీ పై అంచులోగానీ కింది అంచులోగానీ ఎవరైనా రంధ్రం పెట్టి ఉంటే ఆ బండిని వదిలెయ్యండి, బరువంతా మోసేది ఆ అంచులే. రెండు పట్టీలు ఒకదానిలో ఒకటి దూర్చిన ఛాసీ అయితే మధ్యలో తుప్పు ఉబ్బి పట్టీలను విడదీస్తోందేమో వేలితో తడిమి చూడండి.

తర్వాత టేపు పట్టుకోండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి ఎడమవైపు ఎంత, కుడివైపు ఎంత. తేడా వేలెడుంటే యాక్సిల్ జరిగింది. సెంటర్ బోల్టు తెగి కమాన్ జారితే అది చిన్న పనే. ఛాసీ వంగితే పెద్ద పని. రెండింటిలో ఏదో తేలాలంటే ఛాసీ మీద రెండువైపులా ఒకేలా ఉన్న బిందువులు పట్టుకుని ఐమూలగా కొలవండి. రెండు ఐమూలలూ సమానంగా ఉంటే ఛాసీ చాలావరకు సరిగ్గా ఉంది, తేడా కమాన్ల దగ్గరే.

టిప్పర్ అయితే బాడీ పైకెత్తించి జాకీ పిన్నులు, వెనక కీలు చూడకుండా పాడొద్దు. ట్రాక్టర్ హెడ్ అయితే ట్రెయిలర్‌ని పట్టుకునే ప్లేటు దవడల అరుగుదల చూడండి.

పాత పంపు ఇంజనా, కొత్త సెన్సార్ల ఇంజనా

పంపుతోనే డీజిల్ కొట్టే పాత పంపు ఇంజన్‌ని చెవితో, చేత్తో, ముక్కుతో పరీక్షించవచ్చు. కంప్యూటరు చెప్పినట్టు డీజిల్ చల్లే కొత్త కామన్ రైల్ ఇంజన్‌ని అలా కుదరదు. దానికి మసి పట్టే ఫిల్టరు, యూరియా ద్రవం చల్లే పద్ధతి, పొగను తిప్పి మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్, వాటికి డజనుకు పైగా సెన్సార్లు ఉంటాయి. ఒక్క సెన్సారు పోయినా బండి శక్తి తగ్గించుకుని పాకొచ్చు. యార్డులో స్కానర్ పెట్టనివ్వకపోతే ఈ మొత్తం వ్యవస్థను పాడైనదానికింద రాసుకోవాల్సిందే.

స్కానర్ పెట్టనిస్తే మాత్రం కొత్త ఇంజనే ఎక్కువ చెబుతుంది. ఇప్పుడున్న తప్పుల కోడ్లు, పాతవి, బండి ఎన్ని గంటలు నిలబడి నడిచింది, మసి ఫిల్టరు ఎంత నిండింది, అన్నీ దొరుకుతాయి. ఒక్క కోడూ లేకుండా ఖాళీగా ఉంటే సంతోషించకండి. కోడ్లు తుడిచేశాక ఎంత దూరం తిరిగిందో చూపించే స్కానర్లు ఉన్నాయి. అది 3 కిలోమీటర్లు అని చూపిస్తే నిన్న సాయంత్రం తుడిచినట్టే.

స్కానర్ లేకపోయినా రెండు గుర్తులు పనికొస్తాయి. మసి ఫిల్టరు ఉన్న బండికి సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తిప్పితే మసి దాదాపు అంటకూడదు. నల్లగా అంటిందంటే ఫిల్టరు పగిలింది, లేదా పీకేశారు. యూరియా చల్లే నాజిలు చుట్టూ, గొట్టాల అతుకుల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుంటే అక్కడ లీకుంది. ఆ ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. నీరు ఆరిపోతే మిగిలేది ఆ తెల్లపొడే.

వీటిలో ఏది కొనాలన్నది మీ పనిని బట్టి ఉంటుంది. రోజూ వందల కిలోమీటర్లు ఒకే ఊపున తిరిగే పని అయితే, రికార్డులున్న కొత్త ఇంజన్ తీసుకోండి, డీజిల్ ఖర్చులో తేడా కనిపిస్తుంది. రోజుకి పది చిన్న ట్రిప్పులు, ఎక్కువసేపు నిలబడే పని అయితే మసి ఫిల్టరు బండి మీకు చుట్టం కాదు, శత్రువు. సైలెన్సర్ బాగా వేడెక్కితేనే ఆ ఫిల్టరులోని మసి కాలుతుంది, మీ పనిలో అది వేడెక్కదు. అలాంటి పనికి పాత పంపు ఇంజనే నయం. కాకపోతే మీరు తిరిగే ప్రాంతంలో పాత తరం ఇంజన్లను అనుమతిస్తారో లేదో పాటకి ముందే తెలుసుకోండి.

మిగతావి

బ్రేకు గాలి నిండేదాకా ఇంజన్ నడిపి, ఆపి, పెడల్ నొక్కి పట్టుకోండి. ట్రెయిలర్ లేని బండికి గాలి ఒత్తిడి నిమిషంలో 3 పీఎస్‌ఐకి మించి పడకూడదన్నది డ్రైవర్లకు నేర్పే కొలత. గాలి ట్యాంకు కింది వాల్వు లాగితే కాస్త నీళ్లు రావడం మామూలే, ఆయిల్ వస్తే కంప్రెసర్ పని ఉంది.

టైరు మీద పెట్టెలాంటి గీతలో ఉండే నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడి నిండుగా ఉన్నా టైరు ఎనిమిదేళ్లదైతే దానికి సున్నా ధర కట్టండి. ముందు టైరు ఒక అంచే అరిగితే చక్రాన్ని తిప్పే భాగాలైన కింగ్‌పిన్ గానీ టై రాడ్ గానీ చూడాలి. చక్రం నట్ల నుంచి తుప్పు గీతలు బయటికి పాకితే ఆ నట్లు వదులుగా తిరిగాయి.

కదిలించనిస్తే బ్రేకు వేసి పెద్ద గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి, ఆగకుండా తిరుగుతూ ఉంటే క్లచ్ జారుతోంది. హౌసింగ్ డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి సన్నటి బూడిద అంటడం సహజం, రేకుముక్కలు అంటితే లోపలి క్రౌన్ గేరు పోతోంది.

ఛాసీ మీద పోటుగా కొట్టిన నంబరు, కాగితాల్లోని నంబరు ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూడండి. ఇప్పటి బండ్లకు ఇది 17 అక్షరాలు, అంకెల వరస. ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఇందులో రావు. అవి కనిపిస్తే, లేదా నంబరు చుట్టూ గీకిన జాడ ఉంటే, బండి ఎంత బాగున్నా అక్కడి నుంచి వెళ్లిపోండి.

ఎవరు చూడాలి

ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో పాడటం, సొంతంగా వెళ్లి చూడటం, మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లడం, ఈ మూడింటిలో మూడోదానికి అయ్యే ఖర్చు బండి ధరతో పోలిస్తే చాలా చిన్నది. అయితే మెకానిక్‌ని ఎంచుకునేటప్పుడు ఆ ఇంజన్ విప్పి బిగించిన అనుభవం ఉన్నవాణ్ణే తీసుకెళ్లండి. యార్డు గేటు దగ్గరే దొరికే మనిషి ఎవరి మనిషో మనకు తెలియదు. మీరు నేర్చుకునేవరకూ ఇద్దరూ వెళ్లండి, ఛాసీ కింద మీరు దూరండి, ఇంజన్ అతనికి వదలండి. యార్డువాళ్లు ఇచ్చే కండిషన్ రిపోర్టు ఎక్కడ చూడాలో చెప్పడానికి పనికొస్తుంది, ఏముందో చెప్పడానికి కాదు.

పాట ఎక్కడ ఆపాలి

ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకోండి. మొదటి బండి బాగుంటే బయట 100 పలుకుతుందనుకుందాం. కనిపించిన పనులకు 5. స్టార్ట్ చెయ్యనివ్వలేదు, స్కానర్ పెట్టనివ్వలేదు కాబట్టి చూడలేనివాటికి 30. వేలం రుసుము, పన్ను, లాక్కెళ్లే ఖర్చు కలిపి 8. మిగిలింది 57. రెండో బండి బయట 80 పలుకుతుంది. టైర్లు, క్లచ్, సీటు కలిపి 14, చూడలేనివి 4, రుసుములు 8. మిగిలింది 54. రెండు బండ్లకూ మీ హద్దు దాదాపు ఒక్కటే. కానీ నిగనిగలాడే మొదటిదాన్ని ఇతరులు 80 దాకా లాక్కెళతారు, గీతలు పడ్డ రెండోదానికి పోటీ తక్కువ. మీకు నిజంగా దక్కేది రెండోదే, అదీ మీకు బాగా తెలిసిన బండి.

బండి బాగుచేయించే రోజుల్లో పోయే కిరాయి కూడా ఈ లెక్కలో కలపండి. చాలామంది మర్చిపోయేది దాన్నే.

పాట రోజు పొద్దున్నే యార్డుకి వెళ్లి, మీరు చూసిన రోజు తీసుకున్న ఫొటోలు పెట్టుకుని బండి చుట్టూ ఇంకోసారి తిరగండి. బ్యాటరీ అదేనా, టైర్ల మీది నాలుగంకెలు అవేనా, స్టెప్నీ ఉందా, ఈసీయూ పెట్టె చోటులోనే ఉందా. ఏదైనా మారి ఉంటే దాని ధర మీ కాగితం మీద కొట్టేసి, కొత్త అంకె రాసుకుని అప్పుడు లోపలికి వెళ్లి కూర్చోండి.